భుజం మీద చెయ్యి

ఓవెన్లో గుడ్ల అట్టు పొంగి అంచులు ఎర్రబడగానే ఆర్విడ్ వంటింట్లోంచి కేకేశాడు.

"లోర్నా! ఆ కంప్యూటర్ వదిలి రా. చల్లారితే ఇది చెప్పు అట్టలా సాగుతుంది, తర్వాత నన్ననొద్దు."

"రెండు నిమిషాలు."

"నీ రెండు నిమిషాల్లో నేను ఊరంతా మంచు తోసి ఇంటికొచ్చేవాణ్ణి."

ఆర్విడ్ ముప్ఫై ఏళ్ళు రోడ్ల మీద మంచు తోసే కౌంటీ బండి నడిపి రిటైరైన మనిషి. ఏం చెప్పినా అక్కడే తేలతాడు. మామూలు రోజైతే లోర్నా నవ్వేది. ఆ గురువారం నవ్వలేదు. సాయంత్రంలోగా పుస్తకం పేజీలన్నీ అచ్చుకి పంపేయాలి. అప్పుడే పై వారం శనివారానికి పుస్తకం ఇంటికి చేరుతుంది. ఆ శనివారమే జోసీ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోతుంది.

కన్నవాళ్ళ దగ్గర ఉండే వీల్లేక కోర్టు అప్పగించిన పిల్లల్ని కొంతకాలం పెంచి తిరిగి పంపే ఇల్లు అది. హ్యాంకాక్‌లో, కొండవాలు మీద ఉంటుంది. పిల్ల వెళ్ళేటప్పుడు ఆ ఇంట్లో గడిపిన రోజుల ఫోటోలు పుస్తకంగా చేసి చేతికివ్వడం అక్కడ ఆనవాయితీ. చర్చిలో ఆడవాళ్ళ దగ్గర లోర్నా కంప్యూటర్ మీద ఈ పని నేర్చుకుంది. కత్తెరా జిగురూ అక్కర్లేదు. పేజీ ఎనిమిది అంగుళాల చదరం. అందులో ఫోటోలకి వదిలిన గళ్ళూ చదరాలే. ఫోన్లో తీసిన ఫోటోలేమో అడ్డంగా పొడుగ్గా ఉంటాయి. గడిలో పడేస్తే అటో ఇటో కొంత బయట మిగిలిపోతుంది. ఏది లోపల ఉండాలో, ఏది పోవాలో మౌసుతో జరిపి చూసుకోవాలి. గడిలో ఎక్కడా తెల్లచోటు మిగలకూడదనీ, మిగిలితే అది చేతకాని పని అనీ చర్చిలో వాళ్ళు గట్టిగా చెప్పారు.

ఆర్విడ్ కాఫీ కప్పుతో వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. తెర మీద జోసీ ఆరో పుట్టినరోజు ఫోటో ఉంది. ముందు కేకు, కేకు వెనక జోసీ. కుడిపక్క లోర్నా ఆ పిల్ల చెంపకి చెంప ఆనించి నవ్వుతోంది.

"ఆ చెయ్యి ఎవరిది?" అన్నాడు ఆర్విడ్.

"ఏ చెయ్యి?"

"జోసీ భుజం మీద, ఎడమ అంచున. మణికట్టు దాకా ఉంది, మనిషి లేదు."

లోర్నా చూసింది. ఎవరిదో ఆమెకి తెలుసు. మణికట్టు మీద కాలిన మచ్చ. బేకరీ ఓవెన్ తగిలి కాలింది. జోసీని కన్న షెల్బీ చెయ్యి అది.

"గడిలో ఇద్దరే పడతారు. ముగ్గుర్నీ పెడితే మొహాలు బఠాణీ గింజలంత అవుతాయి."

"ఇద్దరే పడితే ఆ ఇద్దరూ ఎవరో ఎంచుతున్నది నువ్వే కదా."

"నీకు ఈ పని తెలీదు, ఆర్విడ్."

"పని తెలీదు. నువ్వు తెలుసు," అని అతను వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

లోర్నా ఫోటోని ఇంకా ఎడమకి జరిపి చూసింది. చెయ్యి పోతే జోసీ చెవి కూడా పోతోంది. కాసేపు ఆలోచించి, అలంకారాల బొమ్మల్లోంచి ఒక పసుపు పువ్వు తెచ్చి ఆ చేతి మీద పెట్టింది. పువ్వు అందంగానే ఉంది. అక్కడ ఏదో ఉందని ఎవరూ అనుకోరు.

ఆమె దుర్మార్గురాలు కాదు. జోసీ నాలుగేళ్ళ పిల్లగా ఆ ఇంటికొచ్చినప్పుడు మంచం కింద దూరి పడుకునేది. లోర్నా కూడా నేల మీదే పక్క వేసుకుని, ఒక్కొక్క రోజే ఆ పిల్లని పైకి తెచ్చుకుంది. షెల్బీ అప్పుడు కారు ప్రమాదం తర్వాత అలవాటైన నొప్పి మాత్రల్లో పీకల్లోతు మునిగి ఉంది. ఆదివారాలు పిల్లని చూడ్డానికి రావాలని కోర్టు చెప్తే, మొదటి చలికాలమంతా ఒకసారి వస్తే రెండుసార్లు రాలేదు. పోయిన శరదృతువులో కేసు చూసే కొలీన్ ఒకసారి గొంతు తగ్గించి అడిగింది, తల్లి హక్కు పోతే జోసీని మీరే దత్తత తీసుకుంటారా అని. లోర్నా ఆ వారమే పైగదికి లేత ఆకుపచ్చ రంగు వేయించింది. తర్వాత షెల్బీ చికిత్సలో నిలబడింది. బేకరీలో పనికి కుదిరింది. ప్రతి ఆదివారం వచ్చింది. ఫిబ్రవరిలో జడ్జి పిల్లని తల్లికే అప్పగించమన్నారు. అందులో ఎవరి తప్పూ లేదు. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకని దుఃఖం లోర్నాది.

జోసీ మేజోళ్ళతో చప్పుడు లేకుండా వచ్చి ఆమె ఒళ్ళోకి ఎక్కింది.

"ముమ్మో, ఇది నా పుస్తకమేనా?"

ఆ పక్క ఫిన్లండు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళలో అమ్మమ్మనీ నాయనమ్మనీ ముమ్మో అనే పిలుస్తారు. లోర్నా వాళ్ళ తాతలు అక్కడి నుంచే వచ్చారు.

"నీదే, బంగారం."

జోసీ మరో పేజీ చూసింది. ఇంటి వెనక ఊయల. ఊయల మీద తనొక్కతే. "ఇక్కడ టీగన్ ఉండాలి. టీగన్ నన్ను ఊపింది. టీగన్ ఏది?"

టీగన్ పోయిన వేసవిలో ఆ ఇంట్లో ఉండి వెళ్ళిన మరో పిల్ల. వేరే కుటుంబాల పిల్లల మొహాలు పుస్తకంలో పడకూడదని నియమం. ఆరేళ్ళ పిల్లకి నియమాలు చెప్పే ఓపిక లోర్నాకి ఆ పొద్దున లేకపోయింది.

"టీగన్ వెళ్ళిపోయింది కదమ్మా," అంది. "పద, బస్సొస్తుంది. తాత అట్టు చేశాడు."

జోసీ ఇంకేమీ అడగలేదు. అట్టు సగం తిని, కోటు తొడిగించుకుని బడికి వెళ్ళింది.

గురువారాల్లో నాలుగింటికి షెల్బీ వస్తుంది. జోసీని తన ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టి మళ్ళీ దింపుతుంది. పిల్లకి అలవాటు కావాలని కొలీన్ పెట్టిన పద్ధతి అది. ఆ రోజు షెల్బీ వచ్చేసరికి లోర్నా కింది గదిలో బట్టలు మడతపెడుతోంది. పైన తలుపు చప్పుడూ, ఆర్విడ్ పలకరింపూ, జోసీ పరుగూ వినిపించాయి.

"అమ్మా, నా పుస్తకం చూడు! నేనే నొక్కుతా!"

లోర్నా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. కంప్యూటర్ మూయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె మెట్లెక్కి వచ్చేసరికి షెల్బీ కుర్చీలో కూర్చుని ఉంది. జోసీ ఆమె మోకాళ్ళ మధ్య నిలబడి ఒక్కో పేజీ తిప్పుతోంది.

"ఇది ఈస్టర్. ఇది చేపలు పట్టిన రోజు. ఇది నా పుట్టినరోజు." జోసీ తెర మీద వేలు పెట్టింది. "చూడమ్మా, ఈ పువ్వు కింద నీ చెయ్యుంది! వేళ్ళు కనిపిస్తున్నాయి."

నిజంగానే పువ్వు రేకుల కింద రెండు వేళ్ళ కొసలు కనిపిస్తున్నాయి. లోర్నా గమనించలేదు.

షెల్బీ ఇరవై ఆరేళ్ళ మనిషి. పిండి అంటిన బేకరీ బూట్లతోనే వచ్చేసింది. పుస్తకం మొదటికి వెళ్ళి మళ్ళీ ఒక్కొక్క పేజీ చూసింది. తర్వాత జోసీ తల నిమిరి, "వెళ్ళి నీ బొమ్మలు సర్దుకో, నాన్నా," అంది. పిల్ల వెళ్ళేదాకా ఆగింది.

"మిసెస్ కోస్కెలా, ఈ పువ్వు మీరు పెట్టారా?"

"గడి చిన్నది, షెల్బీ. అందరూ పట్టరు."

"కేకు పట్టింది. మీ ఫ్రిజ్ పట్టింది. ఫ్రిజ్ మీద పాల బిల్లు కూడా పట్టింది. నేను పట్టలేదు."

"అలా కాదు…"

"మొత్తం పుస్తకంలో నా మొహం ఒక్కసారి కూడా లేదు. ఈస్టర్ రోజు నేనున్నాను. గుడ్లకి రంగులు వేయించింది నేనే. ఇక్కడ గుడ్లున్నాయి." ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. "దీన్ని జోసీ పదహారేళ్ళప్పుడు తెరుస్తుంది. మా అమ్మ రానేలేదు అనుకుంటుంది. నేను వచ్చాను. కారు లేనప్పుడు అవతలి ఒడ్డు హౌటన్ నుంచి, వంతెన మీద గాలి మొహం కోసేస్తుంటే నడిచి వచ్చాను."

"వచ్చావు," అంది లోర్నా. అంతటితో ఆగుంటే బాగుండేది. పొద్దుటి నుంచీ, ఫిబ్రవరి నుంచీ గొంతులో ఉన్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. "రాని ఆదివారాలు కూడా ఉన్నాయి. అవి నువ్వు చూడలేదు. నేను చూశాను. వాటికి ఫోటోలు లేవు."

"లోర్నా, చాలు," అన్నాడు ఆర్విడ్ గుమ్మం దగ్గర నుంచి.

"చాలదు! రెండేళ్ళు చూశాను దాన్ని. జ్వరాలు చూశాను, పీడకలలు చూశాను…"

"చూశారు," అంది షెల్బీ. "మీకు రుణపడి ఉన్నానని రోజూ అనుకుంటాను. కానీ ఒక మాట చెప్తాను వినండి. పోయిన వారం మా ఇంట్లో పడుకుంది కదా. నిద్రలో లేచి ఏడుస్తూ 'ముమ్మో, ముమ్మో' అంది. చీకట్లో అది 'మమ్మీ' లాగే వినిపిస్తుంది. పరిగెత్తుకెళ్ళాను. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను కాదట. మీరట. అయినా ఏమీ అనలేదు నేను. ఆ పిలుపు మీ దగ్గర్నించి లాక్కోవాలనీ అనుకోలేదు. మరి మీరు నన్ను పువ్వు కింద ఎందుకు పెట్టారు?"

లోర్నా తెర వైపు తిరిగింది. వంటింట్లో ఫ్రిజ్ మోత తప్ప ఇంట్లో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో ముగ్గురికీ ఒకేసారి తోచింది, పైన బొమ్మలు సర్దుతున్న చప్పుడు కూడా లేదని.

"జోసీ?" పిలిచాడు ఆర్విడ్.

పైగదిలో లేదు. మంచం కింద లేదు. కోటు కొక్కేనికే ఉంది. వెనక తలుపు మాత్రం సరిగ్గా మూసి లేదు.

మార్చి నెలాఖరైనా అక్కడ మోకాలి లోతు మంచు. మెట్ల దగ్గర నుంచి పెరటి మూల ఆవిరిస్నానానికి కట్టుకున్న సౌనా గది దాకా చిన్న చిన్న అడుగులున్నాయి. బూట్ల ముద్రలు కావవి. మేజోళ్ళ పాదాలు. షెల్బీ ముందు పరిగెత్తింది. వెనకే లోర్నా, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే.

సౌనాకి ముందుండే చిన్న గదిలో, బల్ల మీద, జోసీ పెద్ద తువ్వాలు చుట్టుకుని ముడుచుకు కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. షెల్బీ తన కోటు విప్పి ఆమెని అందులో చుట్టేసింది. లోర్నా నేల మీద కూలబడి ఆ తడి మేజోళ్ళు లాగేసి, పాదాలు రెండూ తన స్వెటర్‌లోకి, కడుపు దగ్గరికి పెట్టుకుంది.

"ఇక్కడికెందుకు వచ్చావమ్మా? మేము అరుచుకున్నామనా?"

జోసీ తల అడ్డంగా ఊపింది. చాలాసేపు పళ్ళు కొట్టుకున్నాయి. తర్వాత అడిగింది.

"ముమ్మో, నన్నూ తీసేస్తావా?"

"ఎక్కణ్ణించి?"

"ఫోటోల్లోంచి. టీగన్ వెళ్ళిపోయిందని తీసేశావు. అమ్మ ఇక్కడుండదు కదా, అందుకే అమ్మనీ తీసేశావు. నేను కూడా వెళ్ళిపోతున్నాను." పిల్ల వేళ్ళతో లెక్క చూసుకుంది గానీ లెక్క తేలలేదు. "శనివారం తర్వాత శనివారం."

లోర్నా ఆ పాదాల్ని ఇంకా దగ్గరికి అదుముకుంది. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచింది. ఈలోగా షెల్బీ చెప్పింది.

"లేదురా కన్నా. ముమ్మో ఎవరినీ తీసేయలేదు. గడి చిన్నది, నేను పట్టలేదు. అంతే."

ఆ మాట వినగానే లోర్నా తలెత్తి షెల్బీని చూసింది. ఇందాక తను చెప్పిన అబద్ధమే అది. అప్పుడు నమ్మని మనిషే ఇప్పుడు దాన్ని తెచ్చి తనకి అడ్డంగా పెడుతోంది. పిల్ల ముందు తన పరువు నిలబెడుతోంది. లోర్నాకి చెంపదెబ్బ తగిలినా అంత సిగ్గు వేసేది కాదు.

"కాదు," అంది. "గడి చిన్నదేం కాదు. నేనే పక్కకి జరిపాను, జోసీ. మీ అమ్మని నేనే జరిపాను."

"ఎందుకు?"

"నువ్వు వెళ్ళిపోతున్నావని నాకు కోపమొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలీలేదు. మీ అమ్మ మీద చూపించాను. పెద్దవాళ్ళు కూడా అలాంటి పనులు చేస్తారు. అది తప్పు."

"మరి టీగన్?"

"టీగన్‌ని నేను తీసేయలేదమ్మా. వాళ్ళ ఇంటివాళ్ళు సరే అనకుండా ఆమె బొమ్మ అచ్చు వేయకూడదు. పొద్దున నీకు సరిగ్గా చెప్పలేదు. నా ఫోన్లో టీగన్ ఉంది. ఈ ఇంటికొచ్చిన పిల్లలందరూ ఉన్నారు. వెళ్ళిపోయినవాళ్ళని తీసేయడానికి నాకు చేతులెలా వస్తాయే…" ఇక ఆమె వల్ల కాలేదు. ఆ చిన్న పాదాల మీదికి వంగి ఏడ్చేసింది.

షెల్బీ చెయ్యి వచ్చి ఆమె వీపు మీద పడింది. తీయలేదు.

ఆర్విడ్ రెండు దుప్పట్లతో గుమ్మంలోకి వచ్చి నిలబడి ముగ్గుర్నీ చూశాడు. "సౌనా వెలిగించకుండా సౌనాలో కూర్చున్న మనుషుల్ని మా తాతల కాలం నుంచీ ఎవరూ చూడలేదు," అన్నాడు. "రండి లోపలికి. మా వాళ్ళ పరువు తీయకండి." జోసీకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో తక్కినవాళ్ళ కాళ్ళు కదిలాయి.

జోసీకి వేడి పాలు పట్టాక లోర్నా ఆమెని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పుట్టినరోజు పేజీ తెరిచింది. ముందు పువ్వు తీసేసింది. తర్వాత మౌసు జోసీ చేతికిచ్చి, "పట్టుకుని మెల్లగా ఇటు లాగు," అంది.

జోసీ లాగింది. ఎడమ అంచులోంచి మణికట్టు వెనకే మోచెయ్యి వచ్చింది, తర్వాత భుజం, ఆఖరికి షెల్బీ మొహం. సన్నగా చిక్కి, కాస్త భయంగా నవ్వుతూ.

"అమ్మ!" అని అరిచింది జోసీ. "లోపలే ఉంది!"

"ఎక్కడికీ పోలేదు. కత్తిరించినట్టు కనిపిస్తుంది గానీ ఫోటో అంతా అలాగే ఉంటుంది."

కానీ అటు షెల్బీ వచ్చేసరికి ఇటు లోర్నా సగం మొహం పోయింది. జోసీ మళ్ళీ అటు లాగింది. షెల్బీ పోయింది. ఇటు లాగింది. పిల్ల మొహం ముడుచుకుంది.

"ముగ్గురం కావాలి."

లోర్నా ఫోటోని రెండు పేజీల మీదా పరిచి చూసింది. షెల్బీ తెర మీదికి వంగి, "మధ్యలో మడత వస్తుంది కదండీ, జోసీ ముక్కు సరిగ్గా మడతలో పడుతుంది," అంది. నిజమే. మళ్ళీ చెరిపింది.

"చిన్నగా చేసి మొత్తం ఫోటో పెట్టరాదా?" అన్నాడు ఆర్విడ్ వెనక నుంచి.

"పైనా కిందా తెల్లచోటు మిగిలిపోతుంది. అది చేతకాని పని అంటారు."

"ఎవరంటారు? చర్చిలో ఆ నలుగురేనా? వాళ్ళేమన్నా ఈ పుస్తకం చూస్తారా?"

లోర్నా ఫోటోని చిన్నది చేసింది. మొహాలు బఠాణీ గింజలంత ఏమీ కాలేదు. ముగ్గురూ స్పష్టంగానే ఉన్నారు. పైనా కిందా తెల్లటి పట్టీలు మిగిలాయి. ఈస్టర్ పేజీ, చేపల పేజీ, మంచుబొమ్మ పేజీ అన్నీ అలాగే మార్చుకుంటూ వెళ్ళారు. ఒక్కో ఫోటోలోకి షెల్బీ తిరిగి వస్తుంటే జోసీ చప్పట్లు కొట్టింది. అయిదారు పేజీలయ్యాక విసుగొచ్చి, ఆకలేస్తోందని ఆర్విడ్ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇద్దరు ఆడవాళ్ళూ మిగిలారు. షెల్బీ గోళ్ళలోని పిండి గీక్కుంటూ అడిగింది.

"నేను రాని ఆదివారాలు… జోసీ ఏం చేసేది?"

"వద్దులే, షెల్బీ. కోపంలో అన్నాను."

"చెప్పండి. తెలియకపోతే ఇంకా ఘోరంగా ఊహించుకుంటాను."

లోర్నా మౌసు అందుకుంది. తర్వాత ఫోటోల్లో చాలా వెనక్కి వెళ్ళి ఒకటి తెరిచింది. వీధి తలుపు పక్కన బల్ల. బల్ల మీద నాలుగేళ్ళ జోసీ, కోటూ టోపీ తీయకుండానే, గోడకి ఆనుకుని నిద్రపోతోంది. ఒక చేతికి తొడుగు ఉంది, ఇంకొకటి నేల మీద పడి ఉంది.

"ఫోటోలు లేవన్నాను. అబద్ధం," అంది లోర్నా.

షెల్బీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎందుకు తీశారు దీన్ని?"

"జడ్జికి చూపించాలని."

"చూపించారా?"

"లేదు. ఆర్విడ్ ఒప్పుకోలేదు. తర్వాత నాకే మనసు రాలేదు. కానీ తీసినప్పుడు మాత్రం అందుకే తీశాను. ఇవాళ నీ దగ్గర ఇంకేమీ దాచదలచుకోలేదు."

షెల్బీకి కోపం వస్తుందని లోర్నా అనుకుంది. షెల్బీ ఆ ఫోటోని పెద్దది చేసి చూసింది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. ఆఖరికి అంది.

"ఇదీ పెట్టండి."

"పుస్తకంలోనా? వద్దు. చిన్నపిల్ల పుస్తకం. ఇది ఎందుకు దానికి? దీన్ని తీసేద్దాం."

"తీసేయొద్దు, మిసెస్ కోస్కెలా. ఫోటో లేకపోయినా అది మర్చిపోదు. ఆ మాట ఎవరూ ఎత్తకపోతే తనే ఏదో తప్పు చేసింది కాబట్టి రాలేదనుకుంటుంది. మా నాన్న రానప్పుడు నేనలాగే అనుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ అనుకుంటాను."

లోర్నా ఫోటోని పేజీలో పెట్టింది. మొత్తం, ఏమీ పోకుండా. కింద తెల్లపట్టీ మిగిలింది. షెల్బీ కుర్చీ దగ్గరికి లాక్కుని, రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

'ఈ రోజు అమ్మ రాలేదు. అమ్మకి జబ్బు చేసింది. జోసీ చాలాసేపు ఎదురుచూసింది. జోసీ తప్పు ఏమీ లేదు.'

రాశాక, "స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయా?" అని అడిగింది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి," అంది లోర్నా. ఆమె ఆ పేజీని ఇంకోసారి చూడలేకపోయింది. పుస్తకం పంపించే బొత్తాం షెల్బీ చేతనే నొక్కించింది.

పుస్తకం మరుసటి వారం శుక్రవారం వచ్చింది. శనివారం జోసీ వెళ్ళింది.

వెళ్ళేటప్పుడు లోర్నా అనుకున్నంత గొడవ జరగలేదు. ఆర్విడ్ పెట్టెలు కారులో పెట్టాడు. జోసీ అందరినీ కావలించుకుంది, పిల్లితో సహా. కారు కొండ దిగి మలుపు తిరిగేదాకా ఇద్దరూ మెట్ల మీద నిలబడ్డారు. "చలిగా ఉంది," అన్నాడు ఆర్విడ్. లోపలికి వచ్చారు. లోర్నా పైగదిలోకి వెళ్ళి దుప్పటి మార్చబోయి, మార్చకుండానే కిందికి వచ్చేసింది. ఆ రోజు వంట చేయలేదు. ఆర్విడ్ సూపు డబ్బా తెరిస్తే రెండు చెంచాలు తాగింది.

ఇంకా పూర్తిగా చీకటి పడకముందే ఫోను మోగింది. షెల్బీ.

"లోర్నా గారూ, ఏమీ అనుకోకండి." పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. వెనక జోసీ ఏడుపు వినిపిస్తోంది. "పడుకోనంటోంది. మీరేదో పాట పాడతారట. నక్క, చలికాలం, ఏదో ఉందట అందులో. నాకు రాదు. ఫోను స్పీకర్లో పెడతాను, మీరు పాడతారా?"

లోర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళమ్మమ్మ ఫిన్లండు నుంచి తెచ్చుకున్న జోలపాట అది. ఊళ్ళో ఆ మాటలు తెలిసినవాళ్ళు ఇప్పుడు పదిమంది కూడా ఉండరు.

"పాడతాను," అంది. నోరు తెరవబోయి ఆగింది. "వద్దు, షెల్బీ. స్పీకర్ తీసేయ్. ఫోను నీ చెవి దగ్గరే పెట్టుకో. నేను ఒక్కో ముక్క చెప్తాను. నువ్వు పాడు."

"నా గొంతు బాగుండదండీ."

"నాదీ బాగుండదు. దానికేం తెలుసు?"

మొదటి ముక్క చెప్పింది. షెల్బీ పాడింది. మాట తిరగబడింది. జోసీ ఏడుపు ఆపి, "అలా కాదమ్మా!" అంది. లోర్నా మళ్ళీ చెప్పింది. షెల్బీ మళ్ళీ పాడింది, మళ్ళీ తప్పింది. అటువైపు జోసీ ఏడుపు మధ్యే పకపక నవ్వింది. మూడోసారికి కుదిరింది.

అలా ముక్క తర్వాత ముక్క చెప్తూ, లోర్నా తన గొంతు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చింది. ఆఖర్న మొదటి చరణమే మళ్ళీ వస్తుంది; అక్కడికి వచ్చేసరికి పెదాలు కదిలించింది గానీ శబ్దం చేయలేదు. షెల్బీ ఆ చరణం ఒంటరిగానే పాడుకుంటూ పోయింది. తప్పులతోనే పూర్తి చేసింది. ఆ తర్వాత ఫోనులో మాటలేమీ లేవు. చాలాసేపటికి షెల్బీ గుసగుసగా అంది.

"పడుకుంది."

"ఊఁ," అంది లోర్నా కళ్ళు తుడుచుకుంటూ. "దుప్పటి కాళ్ళ దగ్గర బిగించకు. దానికి నచ్చదు."